ఏడో మెట్టు మీద అత్తగారు

పొద్దున ఆరున్నర. రాత్రంతా కురిసిన వాన తెరిపి ఇచ్చినట్టే ఇచ్చి, మనుషులు బయటికి రాగానే మళ్ళీ సన్నగా అందుకుంది. లారీ వెనక తడిసిన తాళ్ళ కట్ట మీద కూర్చున్న, అందరూ గొంతు అని పిలిచే పాటగాడి కడుపులో నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు. తిండి లేక కాదు. భార్య కట్టిచ్చిన రొట్టెల పొట్లం ఒళ్ళోనే ఉంది, కాగితం ఇంకా వెచ్చగానే ఉంది. మొదటి ఇంటి సామాను దించేదాకా ముద్ద ముట్టకూడదని అతని నియమం. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా సరే, "ఖాళీ కుండే మోగుతుంది" అనేవాడు. ఈ సిద్ధాంతాన్ని మిగతా నలుగురూ మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళు. ఆ పొట్లం రోజూ విప్పేది వాళ్ళే మరి.

అతని అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. ఆ పట్టీ చదివేది మేస్త్రీ ఒక్కడే, ఆయన కూడా గొంతు అనే పిలిచేవాడు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను ఎత్తి దించే ముఠా అది. ముఠాకి ఐదుగురు. నలుగురు మోస్తారు, ఒకడు పాడతాడు. కొత్తగా చూసినవాళ్ళు ఆ ఐదోవాణ్ణి చూపించి, వీడికి కూలెందుకని మొహం చిట్లించేవాళ్ళు. తమ బీరువా మూడో అంతస్తు చేరేసరికి నోరు మూసుకునేవాళ్ళు. నలుగురు నాలుగు మూలలు పట్టి తలో క్షణాన ఎత్తితే ఆ బీరువా నాలుగు బీరువాలవుతుంది. నలుగురూ ఒకే క్షణాన ఎత్తితేనే అది ఒక్కటిగా లేస్తుంది. ఆ క్షణం ఎప్పుడో చెప్పడమే గొంతు పని. బరువుకి ఎదురుగా నిలబడి, ఒక అరచెయ్యి దాని మీద ఆనించి, మెట్లు వెనక్కి వెనక్కి ఎక్కుతూ పాట కట్టేవాడు. ఇంటి దగ్గర కట్టుకొచ్చిన పాట కాదు. ఆ ఇంటినీ, ఆ సామాన్నీ, ఆ మలుపునీ చూసి అప్పటికప్పుడు.

బీరువమ్మా బీరువమ్మా — హై
బిడ్డలెంతమందే అమ్మా — హై
కోటులన్నీ మింగి మింగి — హై
కొవ్వు పట్టె నడుం చుట్టు — హై

హై అన్నప్పుడు ఎత్తాలి, తర్వాత ఊపిరి తీసుకోవాలి. గోడ తగిలేట్టుంటే గోడ పాటలోకి వచ్చేది. మెట్టు మీద తడి ఉంటే తడి వచ్చేది. ఇంటావిడ గుమ్మంలో గుంజలా నిలబడి దారివ్వకపోతే ఆవిడా వచ్చేది. విని నవ్వుకుంటూ పక్కకి జరిగేది.

మోసే నలుగురికీ పేర్లతో పని పడలేదు. ఎవడు ఏ మూల మోస్తే అదే వాడి పేరు. ముందు కుడి మూల మోసేవాడు గొంతుకి స్వయానా బావమరిది, అంటే భార్య తమ్ముడు. వెనక ఎడమ మూల మోసేవాణ్ణి వెనకెడమ అనేవాళ్ళు. అతనికి యాభై ఒకటి. గొంతు కంటే ఐదేళ్ళు పెద్ద. ఐదో తరగతిలో పలక పారేసిన దగ్గర్నుంచీ వీపు మీద ఏదో ఒకటి లేకుండా పెద్దగా నిలబడింది లేదు. మెట్లెక్కేటప్పుడు బరువు సగానికి పైగా వెనకవాళ్ళ మీదే పడుతుంది. రెండేళ్ళుగా అతని ఎడమ మోకాలిలో పగిలిన గాజు ముక్కలు పోసినట్టుండేది. ఆ మాట అతను ఇంట్లో కూడా చెప్పలేదు. మెట్లు ఎక్కలేనివాడు లారీ ఎక్కక్కర్లేదన్నది మేస్త్రీ శాసనం. లారీ ఎక్కకపోతే ఇంకెక్కడికి వెళ్ళాలో వెనకెడమకి తెలీదు. ఆ వయసులో, ఆ చదువుకి, వెళ్ళే చోటంటూ లేదు.

గొంతుకీ అతను చెప్పలేదు. కానీ బరువుకి ఎదురుగా నిలబడి పాడేవాడికి మొహాలు కనిపిస్తాయి. ఒకరోజు ఒక ఇనప మంచం మోస్తుంటే, ఏడో మెట్టు దగ్గర గొంతు ఉన్నట్టుండి పాట మార్చాడు.

అత్తగారొచ్చింది ఆగు
అలక తీరినాక సాగు

అందరూ ఫక్కున నవ్వారు. నవ్వుతూ బరువుని మెట్టు అంచుకి ఆనించారు. రెండు ఊపిరులు. తర్వాత మళ్ళీ హై. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో అయినా సరే, ఏడు మెట్లకోసారి అత్తగారు రావడం ఆనవాయితీ అయింది. గొంతు అత్తగారంటే బావమరిదికి కన్నతల్లి. అందుకని అతను మాత్రం మూతి ముడుచుకునేవాడు.

"మా అమ్మ నిన్నేం చేసింది బావా, ప్రతి ఇంట్లోనూ మెట్ల మీద కూర్చోబెడతావు?"

"కూర్చోబెట్టింది నేనా? ఆవిడే కూర్చుంది. లేవమను చూద్దాం" అనేవాడు గొంతు.

ఆ నవ్వుల మధ్య వెనకెడమ మోకాలు చల్లబడేది. అత్తగారు ఎవరి కోసం వచ్చి కూర్చుంటోందో అతనికి మొదటి రోజే అర్థమైంది. థాంక్స్ చెప్పలేదు. ఆ సంగతి ఎత్తనూ లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుంది, పృథివి దాటితే మేస్త్రీ చెవిలో పడుతుంది.

ఇదిగో, ఇంత కుదురుగా నడుస్తున్న కాపురంలోకి ఆ వాన రోజు పొద్దున రికార్డుల పెద్దాయన వచ్చాడు.

ఆయన ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఒక ఫ్లాటు ఖాళీ చేసి, వీధి చివర ఇంకో ఫ్లాటుకి, నాలుగో అంతస్తుకి మారుతున్నాడు. మంచం ఒకటి, కుర్చీలు మూడు, గిన్నెలు నాలుగు. మిగతాదంతా పాత గ్రామఫోను రికార్డులు. అరవై మూడు పెట్టెలు, ఒక్కోటి గుండ్రాయిలా ఉంది. కొత్త ఇంట్లో లిఫ్టు ఉంది గానీ దాని తలుపు మీద పనిచేయదని రాసిన అట్ట కూడా ఉంది. అందుకని ఆ పెట్టెల్ని నాలుగేసి చొప్పున చెక్క పలక మీద పేర్చి, నలుగురూ మోశారు. గొంతు పెట్టెల మీద పాట కట్టాడు. లోపల గుండ్రటి నల్లటి అప్పచెల్లెళ్ళు ఉన్నారని, అందరూ నోరు తెరిస్తే ఇల్లు ఎగిరిపోతుందని. పెద్దాయన గొడుగు పట్టుకుని మెట్ల మీదే నిలబడి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క ముక్క పోనీయకుండా విన్నాడు.

పని అయ్యాక టీ పోసి ఇచ్చి, అందర్నీ నేల మీద కూర్చోబెట్టి, ఒక రికార్డు తీసి తుడిచాడు. ఆ తుడవడం చూస్తే కన్నబిడ్డకి కూడా ఎవరూ అంత శ్రద్ధగా స్నానం చేయించరు. ఇవి మామూలు పాటలు కావన్నాడు. వీళ్ళు తమ పాట తామే రాసుకున్నారు, తామే బాణీ కట్టుకున్నారు, ఒక గిటారు ఒళ్ళో పెట్టుకుని తామే పాడారు. అరువు మాట ఒక్కటీ లేదు, వెనక నలభై వాయిద్యాల హడావుడి లేదు. ఉన్నదంతా సొంత గుండె.

"ఏం సార్, రాసేవాణ్ణి పెట్టుకునే స్తోమత లేకనా?" అని బావమరిది జాలిగా అడిగాడు.

పెద్దాయన అంతకంటే జాలిగా అతని వైపు చూసి రికార్డు మీదికి ముల్లు దించాడు.

పాడినవాడి గొంతు ఏమంత గొప్పగా లేదు. జలుబు చేసి తగ్గనట్టుంది. ఒకడు ఉన్న ఊళ్ళో ఉండలేక ఇంకో ఊరు పోదామని బస్సు కోసం నిలబడ్డాడు, ఆ బస్సు ఇంకా రాలేదు. పాటంతా కలిపి సంగతి అంతే. కానీ వెనకెడమ టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఎందుకు పెట్టాడో తనకే తెలీదు. ఆ పాడేవాడెవడో పక్క మెట్టు మీద కూర్చుని, ఇంకెవరికీ వినపడకుండా తనొక్కడికే చెప్పుకుంటున్నట్టు అనిపించింది. గొప్ప గొంతైతే విని చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు. ఇలా తనలాగే అలిసిన గొంతు వచ్చి పక్కన కూర్చుంటే లేవబుద్ధి కాదు. గొంతు వైపు చూశాడు. తమ పాటగాడి నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి.

వెనకెడమకి తర్వాత ఇంకోటి కూడా తట్టింది. ఆ పెట్టెల్లో పాడినవాళ్ళందరూ అన్నీ వదిలేసి పోయేవాళ్ళే. చేతిసంచీ ఒకటి పట్టుకుని, ఇల్లూ వాకిలీ లేకుండా, గాలికి పోయేవాళ్ళే. ఆ గాలికి పోయేవాళ్ళని ఒక్కణ్ణి కూడా వదలకుండా పెద్దాయన అరవై మూడు పెట్టెల్లో పెట్టి తాళ్ళు కట్టించాడు. ఏమీ అక్కర్లేదని పాడినవాళ్ళని నాలుగో అంతస్తుకి చేర్చడానికి ఐదుగురు మనుషులు, ఒక లారీ కావలసి వచ్చింది.

వెళ్ళబోతుంటే పెద్దాయన గొంతు భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు మాట తిరుగుతుంది. పొద్దుటి నుంచి చూస్తున్నాను. కానీ నీ పాటలో నువ్వెక్కడున్నావయ్యా? అంతా బీరువానే ఉంది."

అభిమానంతోనే అన్నాడు. అనడమే కాదు, మెడ దగ్గర చీలిన పాత గిటారొకటి, మూత పోయిన రికార్డు ప్లేయరొకటి, తన దగ్గర రెండేసి ఉన్న రికార్డులు ఓ డజను చేతిలో పెట్టాడు. కోడిపిల్లని పెంచుకోమని ఇచ్చినట్టు ఇచ్చాడు గానీ, ఇంటికి వెళ్ళాక తేలింది అది కోడిపిల్ల కాదు, గద్దపిల్ల అని.

గొంతు ఆ డజను రికార్డుల్నీ అరిగేదాకా విన్నాడు. అట్టల మీద బొమ్మల్ని కూడా పాఠంలా చదివాడు. ఏ అట్ట మీదా ఎవడూ నవ్వడు. అందరూ పక్కకే చూస్తుంటారు. ఎవడి తలా దువ్వెన మొహం చూడలేదు. వారం తిరిగేసరికి గొంతు తల దువ్వుకోవడం మానేశాడు. పలకరిస్తే పక్కకి చూసి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రీ ఏదైనా అడిగితే కిటికీ వైపు తిరిగేవాడు. కిటికీ లేకపోతే లారీ అద్దం వైపు.

పాటల్లో అతను పసిగట్టిన రహస్యం ఏమిటంటే, వాన ఉండాలి, దారి ఉండాలి, ముఖ్యంగా ఎవరో ఒకరు వెళ్ళిపోయి ఉండాలి. వానకీ దారికీ కొదవ లేదు. వెళ్ళిపోయిన మనిషి దగ్గరే చిక్కొచ్చిపడింది. అతన్ని వదిలేసి ఎవరూ వెళ్ళలేదు. లాండ్రీలో ఇస్త్రీ చేసే భార్య ఇరవై రెండేళ్ళుగా సాయంత్రం ఆరయ్యేసరికి ఇంట్లోనే ఉంటోంది. ఉన్న గిటారు తీగలు నాలుగు. ఆ నాలుగింటి మీదా గొంతు వెళ్ళిపోయినామెను పిలుస్తూ కూర్చుంటే, పక్కనే బట్టలు మడతపెడుతూ ఆవిడ మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు అడిగింది.

"ఎవరది?"

"ఎవరు?"

"ఆ వెళ్ళిపోయినావిడ."

"ఎవరూ లేరే. పాట అది."

"ఎవరూ లేకుండానే అంత కుళ్ళి కుళ్ళి ఏడుస్తారా? పోనీ నేను వెళ్ళనా? ఈ నాలుగు చొక్కాలూ మడతపెట్టేసి వెళ్తా. నీ పాటకి సాయంగా ఉంటుంది."

మర్నాడు ఆవిడే లారీ దగ్గరికి పొట్లం తెచ్చి, వెనకెడమని పక్కకి పిలిచి మొరపెట్టుకుంది. "ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదంటారు బావగారూ. ఈయన ఏడవడం కూడా రాగంలోనే. కాస్త మీరైనా చెప్పండి. మీ మాట వింటాడు."

వెనకెడమ చెబుతానన్నాడు. అతనికి అంతకంటే పెద్ద బెంగ ఇంకోటి అప్పటికే పట్టుకుంది.

పనిలో కూడా పాట మారిపోయింది. బీరువమ్మలు, మంచాలయ్యలు, కొవ్వు పట్టిన సోఫాలు ఒక్కొక్కటే పాటలోంచి దిగి వెళ్ళిపోయాయి. వాటి బదులు గొంతు వచ్చి కూర్చున్నాడు. నేను నడిచాను, నేను నిలిచాను, నా నీడ నన్ను అడిగింది. కొండంత రాగం తీసి గోరంత పాట అన్నట్టు, ఒక్కో మాటకి మెట్టు దిగి ఎక్కినంత సాగదీత. ఆ సాగదీతలో ఎక్కడ ఎత్తాలో తెలియక వీళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు. చిన్న సామాను కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చారు. ఒకసారి బట్టలుతికే మిషను మోస్తుంటే బావమరిది మధ్యలో ఆపి అడిగాడు కూడా. "బావా, నీ నీడ ఏమడిగిందో తర్వాత చెబుదువుగాని, ముందు ఎత్తమంటావా దించమంటావా?"

ఏడో మెట్టు దగ్గర అత్తగారు రావడం మానేసింది. బావమరిది సంబరపడ్డాడు. ఇన్నాళ్ళకి మా అమ్మకి ఆ మెట్ల మీంచి విడుదల అన్నాడు. వెనకెడమ నవ్వలేదు. ఇంటికెళ్ళి మోకాలికి వేడినీళ్ళ గుడ్డ చుట్టుకుంటే, కాలు ఏమైందని భార్య అడిగింది. గోడ తగిలిందన్నాడు.

ఒక మధ్యాహ్నం టీ తాగేటప్పుడు కావాలనే గొంతు పక్కన చేరాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక గ్లాసు రెండుసార్లు ఊదాడు.

"ఆ అత్తగారి పాట బాగుండేదిరా."

గొంతు పక్కకి చూశాడు. "అది పాటేంటన్నా. కూత. బరువు దగ్గర ఎవడైనా కూస్తాడు. దాంట్లో నేనెక్కడున్నాను?"

నేనున్నానురా అందామని వెనకెడమకి నాలిక చివరిదాకా వచ్చింది. దాంట్లో నా మోకాలుంది, నా కూలుంది, నేను ఇంకా ఈ లారీ ఎక్కుతున్నానంటే ఆ రెండు ముక్కల వల్లే. కానీ రెండు మూరల దూరంలో బావమరిది కూర్చుని రొట్టె నములుతున్నాడు. అవతల డ్రైవరు పక్కన మేస్త్రీ ఉన్నాడు. మాట మింగి టీ తాగాడు. టీ చల్లారిపోయింది.

మరో పది రోజులకి అద్దాల బీరువా వచ్చింది. ఒక డాక్టరు ఇంటి సామాను. నల్లటి బరువు చెక్క, ముందు నిలువెత్తు గాజు తలుపులు. రెండో అంతస్తుకి ఎక్కించాలి. బయట వాన పడుతోంది, మెట్ల మీద చెప్పుల తడి. నలుగురూ మూలలు పట్టారు. గొంతు ఎదురుగా నిలబడి, చెయ్యి చెక్క మీద ఆనించాడు. ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

ఆ రికార్డుల్లోవాళ్ళంతా కళ్ళు మూసుకునే పాడి ఉంటారు. ఎదురుగా గిటారు తప్ప ఏమీ లేనివాళ్ళు మూసుకోవచ్చు. వెనకెడమ పదిహేనేళ్ళలో ఎప్పుడూ గొంతు కళ్ళు మూసుకోవడం చూడలేదు. చూడగానే మూల మీద పట్టు బిగించాడు.

కిటికీ అవతల వానా...
కిటికీ ఇవతల నే... నూ...

ఆరు మెట్లు దేవుడి దయవల్ల ఎక్కారు. ఏడో మెట్టు దగ్గర ముందువాళ్ళిద్దరూ 'నే' దగ్గర ఎత్తారు. వెనక కుడివాడు 'నూ' కోసం చూస్తున్నాడు. వెనకెడమ ఇంకా అత్తగారి కోసమే చూస్తున్నాడు, అలవాటు అలాంటిది. బరువంతా ఒక్కసారిగా ఆ మూలకి వచ్చి పడింది. మోకాలు మడతమంచంలా మడుచుకుంది. అద్దాల బీరువా వాళ్ళందరి చేతుల్లోంచీ తప్పించుకుని, గోడకి అతుక్కుపోయిన వెనకవాళ్ళిద్దరి పక్కనుంచి, ఏ పాటా అక్కర్లేకుండా, మెట్లన్నీ తానే దిగి కిందికి చేరింది. ఆ చప్పుడుకి నాలుగు అంతస్తుల తలుపులూ తెరుచుకున్నాయి. గొంతు కళ్ళు కూడా.

మేస్త్రీ వచ్చేసరికి వెనకెడమ మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఉన్నాడు. మిగతా ముగ్గురూ గాజు ముక్కల మధ్య నిలబడి ఉన్నారు. ఎలా జరిగిందని మేస్త్రీ అడిగాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. మూలల్ని ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ వచ్చి, చివరి మూల దగ్గర ఆగాడు. "నీ కాలు ముందు మడుచుకుందా? బీరువా ముందు జారిందా?"

వెనకెడమకి తన నలభై ఏళ్ళ కూలి ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడినట్టు తెలిసింది. తల ఎత్తకుండా చెప్పాడు.

"పాట ఆలస్యమైంది."

అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది. ముందు ఎడమవాడు అవునన్నాడు, వెనక కుడివాడు అవునన్నాడు, బావమరిది కూడా, అవును, బావ పాట ఈమధ్య ఎటు పోతోందో తెలీడం లేదన్నాడు. అప్పుడు వెనకెడమ తల ఎత్తి గొంతు వైపు చూశాడు. గొంతు నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. ఆ మోకాలు రెండేళ్ళ కిందే పోయింది, దాన్ని నేను పాటలో పెట్టి మోస్తున్నాను, అంతే. బరువు దగ్గర అప్పటికప్పుడు నాలుగు చరణాలు కట్టే మనిషికి అదో లెక్కా? అందరూ చూస్తున్నారు. గొంతు నోరు మూసుకున్నాడు. వెనకెడమ తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు.

ఆ రోజుతో మోకాలికి పుట్టినతేదీ దొరికింది. పనిలో, అందరి ముందు, వేరేవాడి తప్పు వల్ల దెబ్బ తగిలిన మోకాలు. దానికెంత మర్యాద. మేస్త్రీ స్వయంగా ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, పదిహేను రోజులు సెలవిచ్చాడు, నీ మూల నీకే ఉంటుందని మాటిచ్చాడు. వెనకెడమ భార్య ఆ పాటగాణ్ణి వీధి వీధంతా వినేలా తిట్టిపోసింది. వెనకెడమ లోపల పడుకుని విన్నాడు, ఆపలేదు.

పదిహేను రోజుల తర్వాత వెళ్ళేసరికి పాట లేదు. మేస్త్రీ మెడలో దారానికి ఒక ఇనప ఈల వేలాడుతోంది. కింద నిలబడి ఆయనే ఊదుతున్నాడు. ఒక ఈలకి ఎత్తాలి, రెండు ఈలలకి దించాలి. "మన మేస్త్రీ కూడా ఆ పెద్దాయన రికార్డుల బాపతే" అన్నాడు బావమరిది చెవిలో. "కట్టుకున్నదీ ఆయనే, ఊదేదీ ఆయనే. ఈ పాటలో ఆయన తప్ప ఇంకెవరైనా ఉన్నారా చెప్పు."

గొంతుకి దిండ్లు, కుషన్లు, తెరలు, పూలకుండీలు ఇచ్చారు. ఎత్తడానికి పాట అక్కర్లేనివి. అతను తల దువ్వుకుని వస్తున్నాడు. గిటారు గోడకి తగిలించేశాడని, రికార్డుల మీద దుప్పటి కప్పేశాడని అతని భార్య చెప్పింది. ఇప్పుడు కూనిరాగం కూడా తీయడం లేదు బావగారూ, ఆ ఏడుపే నయమనిపిస్తోంది అంది. చెబుతానన్నవి చెప్పారా అని మాత్రం అడగలేదు. అడగనందుకు వెనకెడమకి ఆవిడ మీద కోపం వచ్చింది.

గొంతూ, వెనకెడమా ఒకే లారీలో వెళ్ళేవాళ్ళు, ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు. పలకరింపులు మామూలుగానే ఉండేవి. వాన వచ్చేట్టుందన్నా అంటే, ఆ, వచ్చేట్టుందిరా అనేవాడు. ఈలకి ఏడో మెట్టూ పదో మెట్టూ ఒకటే. మోకాలికి కొత్తగా చుట్టిన కట్టు కింద పాత గాజు ముక్కలు మళ్ళీ కదలడం మొదలయ్యాయి. ఈసారి మోకాలు మడుచుకుంటే నెపం పెట్టడానికి పాట కూడా లేదు.

ఆ రోజు వాన లేదు. పొద్దున ఆరున్నరకి ఎండ అప్పుడే గోడల మీదికి ఎక్కుతోంది. గొంతు లారీ వెనక తాళ్ళ కట్ట మీద కూర్చుని, రొట్టెల పొట్లం తనే విప్పాడు. ఒక్కో రొట్టే నెమ్మదిగా, నములుతూ, నాలుగూ తినేశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నలుగురూ నోట్లో నీళ్ళూరుతుంటే చూస్తూ నిలబడ్డారు. 

పని మూడో అంతస్తు. ఇనప కాళ్ళ రాతి బల్ల. గొంతు ముందు వెళ్ళాడు, గడ్డం దాకా పేర్చుకున్న నాలుగు సోఫా కుషన్లతో. వెనక వీళ్ళు బల్ల ఎత్తారు. కింద ఈల మోగింది. ఒక మెట్టు. ఈల. రెండో మెట్టు. నాలుగో మెట్టుకి వెనకెడమకి చెమట కళ్ళల్లోకి దిగింది. ఐదో మెట్టుకి మోకాలు ఒకసారి అటూ ఇటూ ఊగింది. కింద నుంచి మేస్త్రీ ఏంటి అక్కడ అన్నాడు. ఏం లేదన్నాడు వెనకెడమ.

పైన గొంతు ఆగాడు. ఏడో మెట్టు మీద, గోడ నుంచి చేతిపట్టు కమ్మీ దాకా, నాలుగు కుషన్లనీ వరసగా పరిచాడు. తీరిగ్గా, ఎవరో వచ్చి కూర్చుంటారన్నట్టు పరిచాడు. ముందువాళ్ళిద్దరి కాళ్ళూ వాటికి తగిలి ఆగిపోయాయి.

"బావా, ఇదేం పని? దారికడ్డంగా..."

గొంతు వెనక్కి తిరిగాడు. బల్లకీ గోడకీ మధ్య ఒళ్ళు సన్నం చేసుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాడు. వస్తూ అరచెయ్యి బల్ల అంచు మీద ఆనించి, చివరిదాకా అలాగే జరిపాడు. వెనకెడమ పక్కకి వచ్చేసరికి మొహంలోకి ఒక్కసారి చూశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వెనకెడమ ఏదో అనబోయాడు. ఊపిరి ఉన్నది మోకాలికే సరిపోయింది, మాటకి మిగల్లేదు.

దారి మూసుకుపోయింది గనక నలుగురూ బరువుని మెట్టు అంచుకి ఆనించారు. కింద మేస్త్రీ గొంతుని ఎక్కడికని అడుగుతున్నాడు, రెండోసారి అడుగుతున్నాడు. చెప్పుల చప్పుడు ఆగలేదు. నడవా దాటింది, గేటు దాటింది, వీధిలో మిగతా చప్పుళ్ళలో కలిసిపోయింది. పైన వెనకెడమ ఒక ఊపిరి తీసుకున్నాడు. రెండో ఊపిరి కూడా పూర్తిగా తీసుకున్నాడు.

మూడో ఊపిరికి ఈల మోగింది.